ఇంటికి ఫైబర్ నెట్: 300 వాళ్లా, 150 వాళ్లా?

మేడమీదగది

అందరికీ నమస్కారమండీ. మా వీధిలోకి ఫైబర్ నెట్ వాళ్లు ఇద్దరు వచ్చారు. ఒకరిది 300 ఎంబీపీఎస్ ప్లాన్, ఇంకొకరిది 150. డబ్బుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. నేనూ మా ఆవిడా ఇద్దరం ఇంటి నుంచే పని చేస్తాం, పొద్దస్తమానం వీడియో కాల్స్. అబ్బాయికి గేమ్స్, నాన్నగారికి టీవీ. బయట రెండు సీసీ కెమెరాలున్నాయి, వాటిని ఊరెళ్లినప్పుడు ఫోన్‌లో చూసుకుంటాం. ఇప్పుడున్న లైన్ సాయంత్రం అయ్యేసరికి మొరాయిస్తోంది. 300 వాళ్లకే ఫోన్ చేద్దామని ఉంది. తీసుకునే ముందు చూసుకోవాల్సినవి ఏమైనా ఉంటే చెప్పండి.

రాత్రిపక్షి

ఇందులో చూడ్డానికి ఏముంది బ్రో, 300 తీసుకో. అదే డబ్బుకి డబుల్ స్పీడ్.

తీగలాగితే

ఫైబర్ అతికే పనిలో ఉన్నవాణ్ని కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను, ఓపిగ్గా చదవండి.

మామూలుగా ఇళ్లకిచ్చే ప్లాన్లలో ఏ కంపెనీ అయినా మీ ఒక్క ఇంటి కోసం విడిగా దారి వెయ్యదు. వాళ్ల ఆఫీసులో ఓఎల్‌టీ అని ఒక పరికరం ఉంటుంది. దాని ఒక్కో పోర్టు నుంచి ఒక ఫైబర్ బయల్దేరి, దారిలో స్ప్లిట్టర్ల దగ్గర చీలిపోయి, 32 ఇళ్లకో 64 ఇళ్లకో వెళ్తుంది. చాలాచోట్ల ఉన్నది జీపాన్ పద్ధతి. అందులో పోర్టు మొత్తానికి డౌన్‌లోడ్ సుమారు 2.5 జీబీపీఎస్ (2500 ఎంబీపీఎస్), అప్‌లోడ్ అందులో సగం. 32 ఇళ్లూ ఒకే క్షణంలో పూర్తిగా లాగితే ఇంటికి 80 కూడా రాదు. అలా ఎప్పుడూ జరగదు, కాబట్టి 300 ప్లాన్ అమ్మడం మోసమేం కాదు. కొత్తగా వేస్తున్న కొన్ని చోట్ల ఎక్స్‌జీఎస్ పాన్ పెడుతున్నారు, అక్కడ రెండు వైపులా 10 జీబీపీఎస్. మీ దగ్గర ఏది వేశారో అడిగి చూడండి. సేల్స్ అతనికి తెలియకపోవచ్చు, లైన్‌మన్‌కి తెలుస్తుంది.

సాయంత్రం మొరాయించడం అన్నారు. అది చాలాసార్లు మీ వీధిలో సమస్య కాదు. ఓఎల్‌టీ దాటాక కంపెనీ పైనుంచి కొనుక్కున్న బ్యాండ్‌విడ్త్ చాలకపోతే అందరూ టీవీలు పెట్టే వేళకి ఇరుకవుతుంది. అది కాగితం మీద 300 అని ఉన్నా 150 అని ఉన్నా ఒకటే. తెలుసుకోవాలంటే రాత్రి 9 గంటలకి ఆ కనెక్షన్ ఉన్న ఇంటికి వెళ్లి టెస్ట్ చేసి చూడాలి. పగలు 11 గంటలకి చేసిన టెస్ట్ వల్ల ఏమీ తేలదు.

రాత్రిపక్షి

సరే అన్నా, కానీ స్పీడ్ అసలు అక్కర్లేదన్నట్టు మాట్లాడకండి. 100 జీబీ గేమ్ దింపాలంటే 300 మీద ముప్పావు గంట, 150 మీద గంటన్నర. అబ్బాయి ఉన్న ఇల్లు మరి.

వానచినుకు

రాత్రిపక్షి, నీ లెక్క కరెక్టే. కానీ ఆ గేమ్ నెలకి ఎన్నిసార్లు దింపుతారు? రాత్రి పెట్టి పడుకుంటే పొద్దున్నకి ఉంటుంది. వీడియో కాల్‌కి మంచి క్వాలిటీతో కూడా 3, 4 ఎంబీపీఎస్ చాలు. 4కె సినిమాకి 25 ఉంటే సరిపోతుంది. ఈ ఇంట్లో అందరూ ఒకేసారి కూర్చున్నా 100 దాటదు.

మేడమీదగది గారూ, మీరు అడగాల్సింది అప్‌లోడ్ ఎంత అని. ప్రకటనలో పెద్దక్షరాలతో ఉండేది డౌన్‌లోడ్ మాత్రమే. కొందరు 300 కిందకి ఇచ్చి పైకి 30 ఇస్తారు. ఇద్దరు కాల్స్‌లో ఉండి, కెమెరాలు క్లౌడ్‌కి పంపుతూ, అదే టైంలో ఫోన్ ఫొటోలన్నీ బ్యాకప్ అవుతుంటే ముందు నిండిపోయేది అప్‌లోడే. అవతలివాళ్లు "మీ మాట తెగిపోతోంది" అంటారు, మీకు మాత్రం వాళ్లు బాగానే వినిపిస్తుంటారు.

మేడమీదగది

అచ్చం అదే జరుగుతోందండీ! వాళ్ల మాట నాకు స్పష్టంగా వినిపిస్తుంది, నా మాటే వాళ్లకి అందదు. మా ఆవిడ కాల్‌లో ఉన్నప్పుడు ఇంకా ఎక్కువ.

పింగుపాంగు

అయితే ఒక చిన్న పరీక్ష చెయ్యండి. కంప్యూటర్‌లో ఒక కిటికీలో పింగ్ (సర్వర్‌కి సందేశం పోయి రావడానికి ఎంత టైం పడుతుందో చూపించేది) ఆగకుండా నడవనివ్వండి. ఇంకో పక్క పెద్ద వీడియో ఫైల్ ఏదైనా అప్‌లోడ్ పెట్టండి. ఖాళీగా ఉన్నప్పుడు 10, 15 మిల్లీసెకన్లున్న పింగ్ అప్‌లోడ్ మొదలవ్వగానే 300, 500కి పోతే దాన్ని బఫర్‌బ్లోట్ అంటారు. రౌటర్ తన దగ్గరికొచ్చిన ప్యాకెట్లన్నీ, అంటే డేటా ముక్కలన్నీ, క్యూలో పేర్చుకుంటూ పోతుంది. కాల్ తాలూకు చిన్న ప్యాకెట్లు ఆ పెద్ద ఫైల్ వెనకాల ఇరుక్కుంటాయి. స్పీడ్ టెస్ట్‌లో ఇది కనపడకపోవచ్చు. ఇప్పుడు కొన్ని టెస్ట్‌లు లోడ్ మీద పింగ్ కూడా చూపిస్తున్నాయి, ఆ అంకె చూడండి.

దీనికి ప్రొవైడర్‌ని మార్చక్కర్లేదు కూడా. ఎస్‌క్యూఎం (ఆ క్యూని అదుపులో ఉంచే సదుపాయం) ఉన్న రౌటర్ పెట్టుకుని, లైన్ అసలు స్పీడ్‌లో 90 శాతం దగ్గర పరిమితి పెడితే క్యూ మీ చేతుల్లోకి వస్తుంది. ఎఫ్‌క్యూ కోడెల్, కేక్ అని రెండు పద్ధతులుంటాయి, ఏది ఉన్నా మంచిదే. కాకపోతే ప్రొవైడర్ ఇచ్చే రౌటర్ పెట్టెల్లో ఇది సాధారణంగా ఉండదు. అందుకే "మా సొంత రౌటర్ పెట్టుకోవచ్చా, మీ పెట్టెని బ్రిడ్జ్ మోడ్‌లో పెడతారా" అని కనెక్షన్ తీసుకోకముందే అడగాలి (బ్రిడ్జ్ మోడ్ అంటే వాళ్ల పెట్టె లైన్‌ని అందించి ఊరుకుంటుంది, రౌటర్ పని మీ రౌటర్ చేస్తుంది). తీసుకున్నాక అడిగితే "కుదరదండి" అనేస్తారు.

గోడచాటు

మధ్యలో ఒక మాట. ఇక్కడ అందరూ లైన్ గురించే మాట్లాడుతున్నారు గానీ, నేను చూసిన ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం వైఫైవే. పెట్టె తలుపు పక్కన మూలన పెడతారు, ఎందుకంటే ఫైబర్ అక్కడి నుంచి లోపలికొస్తుంది, లైన్‌మన్‌కి పని తొందరగా అయిపోతుంది. పని చేసుకునే గది ఇంటికి అవతలి కొసన ఉంటుంది. మధ్యలో మూడు గోడలు. వైఫైలో వేగమైన 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ అక్కడికి చేరదు, ఫోన్ నెమ్మదైన 2.4కి దిగిపోతుంది, అందులో ఒకదానిమీద ఒకటి పడని ఛానళ్లు మూడే: 1, 6, 11. ఇరుగుపొరుగు రౌటర్లన్నీ అక్కడే ఉంటాయి. ఇక 300 అయితేనేం, 1000 అయితేనేం.

ఫైబర్ ఇంకొంచెం లోపలికి లాగమని ముందే చెప్పండి. ఇల్లు పెద్దదైతే పని చేసే బల్ల దాకా ఒక ల్యాన్ కేబుల్ వేయించుకోండి. ఆ కేబుల్‌లో నాలుగు జతల తీగలుంటాయి, గిగాబిట్ స్పీడ్‌కి నాలుగూ పని చెయ్యాలి. ఒక్కటి సరిగ్గా క్రింప్ కాకపోయినా (ప్లగ్‌లో నొక్కి బిగించకపోయినా) లింక్ 100కి పడిపోవచ్చు, అప్పుడు టెస్ట్‌లో 94 దగ్గర ఆగిపోతుంది. అలా 94 అనే అంకె పదేపదే కనిపిస్తే కస్టమర్ కేర్‌కి ఫోన్ చెయ్యకముందు కేబుల్, పోర్టు చూసుకోండి. పాత రౌటర్లలో పోర్టులే 100వి ఉంటాయి.

తీగలాగితే

గోడచాటు గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. ఫైబర్ లోపలికి లాగించుకునేటప్పుడు మలుపుల దగ్గర జాగ్రత్త. ఒక ఇంట్లో నెట్ పోతోంది, వస్తోంది అని పిలిచారు. వెళ్లి ఎర్ర లేజర్ పెన్ను పెట్టి చూస్తే తలుపు బందు దగ్గర తీగ పసుపు తొడుగులోంచి ఎర్రగా వెలుగు కారుతోంది. తలుపు తెరిచినప్పుడల్లా అక్కడ నొక్కుకుంటోంది. వేసినవాడు మేకుకి మేకుకి మధ్య బిగించి లాగేశాడు. పాత రకం ఫైబర్‌ని వంచితే ఆ వంపు వ్యాసార్థం 3 సెంటీమీటర్ల కంటే తగ్గకూడదు. వంపుకి ఓర్చుకునేలా చేసిన రకం 7.5 మిల్లీమీటర్ల దాకా తట్టుకుంటుంది, అంతకు మించితే అదీ వెలుగు వదిలేస్తుంది.

కనెక్షన్ పెట్టిన రోజే లైన్‌మన్‌ని "రిసీవ్ పవర్ ఎంతొచ్చింది" అని అడగండి, అంటే మీ ఇంటికి ఎంత వెలుగు చేరిందని. దాన్ని డీబీఎంలో కొలుస్తారు, మైనస్ అంకె పెరిగేకొద్దీ వెలుగు తక్కువ. అతని చేతిలో మీటర్ ఉంటుంది, లేకపోతే పెట్టె సెట్టింగుల పేజీలో కనిపిస్తుంది. మైనస్ 20 డీబీఎంకి అటూ ఇటూ ఉంటే హాయి. జీపాన్‌లో ఎక్కువగా వాడే పరికరాలు మైనస్ 27 దాకా పని చేస్తాయని స్టాండర్డ్‌లో ఉంటుంది. కానీ మొదటి రోజే 26 చూపిస్తే ఒప్పుకోవద్దు. 3 డీబీ తగ్గిందంటే వెలుగు సగమైపోయినట్టు. ఇంకో రెండు అతుకులు పడినా, కనెక్టర్ మీద దుమ్ము చేరినా లైన్ పోవచ్చు. ఆ అంకె రాసిపెట్టుకోండి. రేపు గొడవ వచ్చినప్పుడు "మొదట్లో 19 ఉండేది, ఇప్పుడు 25 అయింది" అంటే కంప్లైంట్ తీసుకున్నవాడు ఇంకేం సాకు చెప్పలేడు. ఉత్తినే "స్లోగా ఉంది" అంటే రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చెయ్యమంటాడు.

ఇంకోటి, పిల్లలున్న ఇల్లు కాబట్టి చెబుతున్నా. ఊడిన ఫైబర్ కొసలోకి కన్ను పెట్టి చూడొద్దు. నెట్ నడిపే వెలుగు కంటికి కనిపించదు, అందుకని ఏమీ లేదనుకుంటారు.

వానచినుకు

ఆకుపచ్చ కనెక్టర్, నీలం కనెక్టర్ సంగతి కూడా చెప్పండి, చాలామంది ఇంట్లో మార్చేస్తుంటారు.

తీగలాగితే

అవునండీ. ఆకుపచ్చ కొసని 8 డిగ్రీల వాలుగా చెక్కుతారు, నీలం కొస అలా వాలుగా ఉండదు. రెండూ ఒకేలా దూరతాయి, లోపల మాత్రం సరిగ్గా ఆనవు. వెలుగు బాగా తగ్గిపోతుంది. రంగుకి రంగే పెట్టాలి.

మేడమీదగది

బోలెడు విషయాలు చెప్పారు, థాంక్సండీ. కెమెరాల సంగతి ఎవరూ చెప్పలేదు. ఫోన్‌లో చూసుకోవడానికి స్టాటిక్ ఐపీ (మారని నెట్ అడ్రసు) కావాలని కెమెరా పెట్టినతను అన్నాడు. 150 వాళ్లని అడిగితే "మా దగ్గర అందరికీ షేర్డ్ ఐపీ" అన్నారు. అంటే కెమెరాలు రావా?

పింగుపాంగు

కెమెరాలు ఎలా పెట్టారన్నదాన్ని బట్టి ఉంటుంది. యాప్‌లో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి కలిపినవైతే అవి కంపెనీ సర్వర్ ద్వారా కలుస్తాయి, షేర్డ్ ఐపీ అయినా ఇబ్బంది ఉండదు. అలా కాకుండా రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టి, అంటే బయటనుంచి లోపలికి దారి తెరిచి, డీవీఆర్‌ని (కెమెరాల రికార్డింగ్ పెట్టెని) నేరుగా చూస్తుంటే మాత్రం రావు. షేర్డ్ అంటే సీజీనాట్. పాత పద్ధతి ఐపీవీ4 అడ్రసులు చాలక ఒక్క పబ్లిక్ ఐపీ వెనక వందలమందిని పెడతారు, బయటనుంచి ఎవరైనా తలుపు తడితే అది ఎవరి ఇంటికి పోవాలో తెలీదు.

ఇప్పుడున్న లైన్ ఏ రకమో కూడా చూసుకోండి. రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ (బయటి నెట్ వైపు అడ్రసు) అని ఉంటుంది. బ్రౌజర్‌లో మీ ఐపీ చూపించే సైటు తెరిచి రెండూ పోల్చండి. రెండూ ఒకటే అయితే పబ్లిక్. రౌటర్‌లో 100.64 నుంచి 100.127 లోపు మొదలయ్యే అంకె ఉంటే అది సీజీనాట్‌కే కేటాయించిన శ్రేణి. కొన్ని కంపెనీలు ఇక్కడ 10తో మొదలయ్యేవి కూడా వాడతాయి.

కొత్త పద్ధతి ఐపీవీ6 అడ్రసు ఇస్తారా అని అడగండి. ఇస్తే ఈ తంటా కొంత తగ్గుతుంది. అయినా డీవీఆర్‌ని అలా నేరుగా బయటకి తెరిచి పెట్టడం నాకు నచ్చదు. పాస్‌వర్డ్ మార్చని కెమెరాల కోసం రోజంతా వెతికే ప్రోగ్రాములు నెట్‌లో తిరుగుతుంటాయి. స్టాటిక్ ఐపీకి విడిగా డబ్బు కట్టే ముందు యాప్ పద్ధతికి మార్చమనండి.

రాత్రిపక్షి

గేమ్స్ విషయంలో పింగ్ ఎవరిది బాగుంటుందో ఎలా తెలుస్తుంది అన్నా? మా ఇంట్లో ఇదే గోల.

పింగుపాంగు

ఫైబర్‌లో వెలుగు సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. సర్వర్ 1000 కిలోమీటర్ల దూరంలో ఉంటే పోయి రావడానికి 10 మిల్లీసెకన్లు, ఇది ఎవరూ తగ్గించలేరు. దాని మీద అయ్యేది చాలావరకు దారి చుట్టు తిరగడం వల్లే. పక్క ఊళ్లో ఉన్న సర్వర్‌కి వెళ్లడానికి ఎక్కడో దూరపు నగరానికి పోయి తిరిగొచ్చే ప్రొవైడర్లు ఉంటారు. ట్రేస్‌రూట్ (డేటా ఏ దారిన పోతోందో చూపించే కమాండ్) పెడితే తెలుస్తుంది. ఆ కనెక్షన్ ఉన్న స్నేహితుణ్ని మీరు ఆడే గేమ్ సర్వర్‌కి ట్రేస్‌రూట్ తీసి పంపమను. 300, 150కి దీనితో సంబంధం లేదు.

పాతకాపు

ఇన్ని టెక్నికల్ సంగతుల మధ్య అసలు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఫైబర్ తెగుతుంది. లారీ తగిలో, రోడ్డు తవ్వో, చెట్టుకొమ్మ పడో, ఏదో ఒక రోజు తెగుతుంది. ఏ కంపెనీకైనా తప్పదు. తెగినప్పుడు ఎన్ని గంటల్లో అతుకుతారన్నదే మీరు కొనుక్కునేది.

మా వీధిలో రెండు కంపెనీలవీ ఒకే స్తంభం మీద నుంచి వస్తాయి. ఆ మధ్య రెండూ ఒకేసారి తెగాయి. ఒకరి లైన్‌మన్ సాయంత్రానికి నిచ్చెన వేసుకుని పైన కూర్చున్నాడు. ఇంకొకరి కస్టమర్ కేర్ "మీ కంప్లైంట్ నమోదైంది" అనే మెసేజ్ పంపి మూడు రోజులు మళ్లీ కనపడలేదు. స్పీడ్ ఎక్కువున్నది రెండోవాళ్లకే.

అందుకని ఇరుగుపొరుగుని "నెట్ బాగుంటుందా" అని అడక్కండి, అందరూ "పర్లేదు" అంటారు. "పోయినసారి పోయినప్పుడు ఎప్పటికొచ్చారు, ఎవరికి ఫోన్ చేశారు" అని అడగండి. రెండో ప్రశ్నకి "లైన్‌మన్ నంబర్ ఉంది" అని జవాబొస్తే ఒక రకం, "యాప్‌లో టికెట్ పెట్టాం" అంటే ఇంకో రకం. ఆదివారం పని చేస్తారా అన్నది కూడా.

వానచినుకు

పాతకాపు గారి మాటే నా మాట కూడా. ఇంటి నుంచి పని చేసేవాళ్లకి ఇది ఇంకా ముఖ్యం. ఇద్దరి ఉద్యోగాలూ నెట్ మీదే కాబట్టి రెండో లైన్ పెట్టుకునే ఆలోచన ఉంటే, రెండూ ఒకే స్తంభం మీదుగా, ఒకే కాలువలోంచి రాకుండా చూసుకోండి. పేర్లు వేరైనా లోపల ఒకరి ఫైబర్‌నే ఇంకొకరు అద్దెకి తీసుకున్న సందర్భాలు ఉంటాయి. అలా అయితే ఫోన్ హాట్‌స్పాటే నయం.

కరెంటు పోతే ఏమిటన్నది కూడా చూసుకోండి. స్ప్లిట్టర్లకి కరెంటు అక్కర్లేదు, అందుకని ఆఫీసు నుంచి మీ ఇంటి దాకా మధ్యలో ఏమీ ఆగదు. ఆగేది మీ పెట్టే. చాలా పెట్టెలు 12 వోల్టులవి, చిన్న డీసీ యూపీఎస్ పెడితే గంటలకొద్దీ నడుస్తాయి. కొనేముందు అడాప్టర్ మీద రాసిన వోల్టులు, ఆంపియర్లు చూసుకోండి, పిన్ను దూరింది కదా అని పెట్టెయ్యొద్దు.

గోడచాటు

కాగితాలు కూడా చదవండి. ఎంత డేటా దాటాక స్పీడ్ తగ్గిస్తారు, తగ్గించి ఎంత ఇస్తారు. పెట్టె వాళ్లదా మీదా. ఇల్లు మారితే మార్చి ఇస్తారా. ఏడాది ప్లాన్‌కి తగ్గింపు ఇస్తామని ఊరిస్తారు, మొదటి నెలలోనే దానికి లొంగొద్దు.

మేడమీదగది

అప్‌డేట్ ఇస్తున్నాను. మీరు చెప్పినట్టే నాలుగిళ్లు తిరిగాను. 300 వాళ్లది అప్‌లోడ్ 50, 150 వాళ్లది పైకీ కిందకీ 150. 300 ఉన్న ఇంటివాళ్లకి లైన్‌మన్ ఎవరో తెలీదు. 150 ఉన్న ఎదురింటాయన ఫోన్ తీసి లైన్‌మన్ నంబర్ చూపించాడు, ఆదివారం కూడా వస్తాడట. రాత్రి వాళ్లింట్లోనే టెస్ట్ చేసి చూశాం, 140 తగ్గలేదు.

150 వాళ్లది నెల ప్లాన్ తీసుకున్నాను. రిసీవ్ పవర్ అడిగేసరికి కనెక్షన్ పెట్టడానికొచ్చిన అబ్బాయి నన్ను ఎగాదిగా చూసి "మీరు ఈ లైన్‌లోనే పని చేస్తారా సార్" అన్నాడు. మైనస్ 19.4 వచ్చింది. ఫైబర్ హాలు మధ్య దాకా లాగించాను. అప్‌లోడ్ పెట్టి పింగ్ చూస్తే 60కి పోతోంది, మునుపటిలా 400 కాదు. కెమెరాలు యాప్‌లోకి మార్చారు, వస్తున్నాయి.

పాత లైన్ వాళ్లు పెట్టె వెనక్కి అడుగుతున్నారు. ఇచ్చెయ్యనా?

తీగలాగితే

60 అంటే మరీ చెడ్డదేం కాదు, ఎస్‌క్యూఎం ఉన్న రౌటర్ తరవాత నిదానంగా చూసుకోవచ్చు. పాత పెట్టె అడాప్టర్‌తో సహా ఇచ్చి, సీరియల్ నంబర్ రాసిన రసీదు తీసుకోండి. రసీదు లేకపోతే ఆర్నెల్ల తరవాత పెట్టె ఇవ్వలేదని బిల్లు పంపేవాళ్లున్నారు. గోడ మీది పాత ఫైబర్ తీగని మాత్రం పీకించొద్దు, కొసకి మూత పెట్టి ఉంచండి. రెండో లైన్ కావాలనుకున్న రోజు మళ్లీ గోడ తొలిచే పని తప్పుతుంది.

కొత్తగాచేరా

నమస్తే, మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. మాది అపార్ట్‌మెంట్. అందరూ ఫైబర్ అనే అంటారు కానీ మా ఫ్లాట్‌లోకి వచ్చేది మామూలు ల్యాన్ కేబుల్ లాగే ఉంది. ఇది ఫైబరేనా?

తీగలాగితే

కింద సెల్లార్ దాకా ఫైబర్, అక్కడ నెట్‌వర్క్ స్విచ్ (లైన్‌ని ఫ్లాట్లకి పంచే పెట్టె), అక్కడి నుంచి మీ ఇంటికి ల్యాన్ కేబుల్ అయ్యుంటుంది. అదేం తప్పు కాదు, కేబుల్ 100 మీటర్ల లోపు ఉంటే గిగాబిట్ కూడా వస్తుంది. కాకపోతే ఆ స్విచ్‌కి కరెంటు కావాలి. మీ ఇంట్లో యూపీఎస్ ఉన్నా కింద కరెంటు పోతే నెట్ పోతుంది. స్విచ్ ఎక్కడ పెట్టారో, దానికి బ్యాటరీ ఉందో లేదో వాచ్‌మన్‌ని అడిగి చూడండి. మిగతాది కొత్త థ్రెడ్‌లో రాయండి, పెట్టె ఫోటో పెడితే చెప్పడం తేలిక.